నీటి కార్డుల రిజిస్టరు

మా మేనకోడలు వాసంతి హైదరాబాదులో ఒక ఆఫీసులో ఈమెయిల్ లిస్టులు చూస్తుంది. ఒక్క మెయిలు రాస్తే వేలమందికి వెళ్తుంది. ఆ వేలమందిలో ఎవరిని చేర్చాలి, ఎవరిని తీసెయ్యాలి, అందరికీ పంపే హక్కు ఎవరికుండాలి, ఇదే దాని ఉద్యోగం. మొన్న వాళ్ల ఆఫీసులో ఎవరో సెలవు చీటీ పై అధికారికి పంపబోయి మొత్తం కంపెనీకి పంపాడంట. దానికి కొందరు "అలాగే" అని, కొందరు "నన్నెందుకు కలిపారు" అని మళ్లీ అందరికీ జవాబులు రాశారంట. ఇకమీదట ఇట్లా జరక్కుండా రూల్సు రాయమని దీనికి అప్పజెప్పారు. "నువ్వు చేసిందీ ఇదే పని కదా మావయ్యా, నాలుగు ముక్కలు రాసివ్వు" అంది.

అదే పని కాదు. కానీ దగ్గర పనే. నేను ఎనభైల్లో నరసరావుపేటలో ఒక కాలవ ఆఫీసులో గుమాస్తాని. ఏ కాలవో, ఏ సబ్‌డివిజనో రాయను. అప్పటి మనుషులు కొందరు ఇంకా ఉన్నారు, వాళ్లకి మా ఇల్లు తెలుసు. ప్రమోషన్ల గురించి కూడా రాయను. రెండొచ్చాయి, రెండూ లేటుగానే వచ్చాయి.

తూముకొక పేరు

కాలవలో నీళ్లు రోజూ రావు. వంతుల మీద వదులుతారు. ఫలానా రోజు నుంచి నాలుగు రోజులు మీ వైపు, తర్వాత నాలుగు రోజులు వాళ్ల వైపు. మీ వంతు ఎప్పుడో మీకు తెలియకపోతే, మీ తూము తలుపు మూసి ఉండగానే నీళ్లు ముందునుంచి పోయి వాగులో కలుస్తాయి. మళ్లీ వంతు వచ్చేదాకా చేను ఆకాశం వైపు చూడాల్సిందే.

అంతకుముందు ఊళ్లలో దండోరా వేయించేవాళ్లు. డప్పు మోగేది, నీళ్లు వెళ్లిపోయాక. మా ఆఫీసు పెద్ద ఇంజినీరు డి.ఇ. గారు దానికో ఉపాయం చేశారు. ప్రతి తూముకీ ఆ తూము కింది రైతుల్లో ఒకర్ని పెద్దగా పెట్టి, వాళ్ల పేరున ఆఫీసు నుంచి పోస్టు కార్డు వేస్తాం. నీళ్లు ఏ రోజు వస్తాయి, ఎన్ని రోజులు ఉంటాయి, అంతే. ఆ పెద్ద తక్కినవాళ్లకి చెప్పుకుంటాడు. మంచి ఉపాయమే. నాలుగొందల పైచిలుకు పేర్లు అయ్యాయి. ఆ పేర్లన్నీ ఒక పొడుగు రిజిస్టర్లో రాసి నా టేబుల్ మీద పెట్టారు.

కార్డులు తీసేది మస్తాన్ వలీ. సైక్లోస్టైల్ మిషను అతని చేతి కింద ఉండేది. వాళ్ల నాన్నది పేటలో సైకిల్ షాపు. మిషను మొరాయిస్తే మస్తాన్ సైకిల్ పానాలు తెచ్చి బాగుచేసేవాడు. దాని కంపెనీ మెకానిక్కు గుంటూరు నుంచి రావటానికి పట్టే టైములో అతను మూడుసార్లు బాగుచేసి రెండుసార్లు పాడుచేసేవాడు.

ఈ ఉద్యోగంలో చేరబోయే వాళ్లకి ముందే చెబుతున్నాను. అడ్రసులు రాయటం పని అనుకుంటారు. నేనూ చాలా ఏళ్లు అదే అనుకున్నాను. నీళ్లు వదిలేది ఇంజినీర్లు, నిజమే. ఆ నీళ్ల సంగతి ఎవరికి తెలియాలో తేల్చేది నా రిజిస్టరు. ఇంజినీరు తప్పు చేస్తే గట్టు తెగుతుంది, అందరికీ కనపడుతుంది. నేను తప్పు చేస్తే ఏమీ కనపడదు.

నిమ్మకాయలు

కార్డు ఊళ్లో గౌరవం అయిపోయింది. పోస్టుమాన్ వీధిలో నిలబడి పేరు పెట్టి పిలిచి "గవర్నమెంటు కార్డు" అని అందరికీ వినపడేట్టు చెప్పి ఇచ్చేవాడు. దాంతో తూము లేనివాళ్లు కూడా కార్డు కావాలని వచ్చేవాళ్లు.

అచ్చంపేట వైపు నుంచి ఒకాయన వచ్చాడు. ఆయన పొలానికీ మా కాలవకీ సంబంధమే లేదు.

"నీకు మా నీళ్లు రావు కదయ్యా, కార్డు దేనికి?" అన్నాను.

"నీళ్లు రాకపోతే మాన్లే సారూ. మా వియ్యంకుడికి కార్డొస్తంది, నాకు రావట్లే. పెళ్లికి పోతే అదే మాట ఎత్తతన్నాడు."

ఒక బుట్ట నిమ్మకాయలు తెచ్చాడు. పేరు రాశాను. నిమ్మకాయలకి ఆశపడ్డానని ఒప్పుకోవటానికి నాకిప్పుడు సిగ్గు లేదు, అప్పుడు ఉండాల్సింది. రెండేళ్లపాటు ఆయనకి రాని నీళ్లు ఏ రోజు వస్తాయో తప్పకుండా తెలియజేశాను. ఆయన కూడా ఊరందరికీ తప్పకుండా చెప్పేవాడంట. లిస్టులో పేరు చేర్చేముందు అడగాల్సింది ఒకటే ప్రశ్న, ఈ సంగతితో నీకు పనుందా అని. అది అడిగి జవాబు రాసుకునే గడి నా రిజిస్టర్లో లేదు.

డి.ఇ. గారి గృహప్రవేశం

డి.ఇ. గారు గట్టి ఇంజినీరు. కాలవ గట్టు మీద నడుస్తూ వాలు ఎంతో కంటితో చెప్పేవారు, తర్వాత కొలిస్తే అంతే ఉండేది. మనిషి ముక్కోపి. మనసులో ఏమీ పెట్టుకోరు అనేవాళ్లు, పెట్టుకునేవారు.

ఆయన పేటలో ఇల్లు కట్టుకున్నారు. గృహప్రవేశం మాట కార్డు మీద రాసిచ్చి, "రిజిస్టర్లో ఉన్న అందరికీ వేసెయ్యవయ్యా, మన రైతులేగా" అన్నారు. నేను ఒక్క మాట అడగలేదు. మస్తాన్ నాలుగొందల కార్డులూ తీసి, అలవాటు చొప్పున అన్నిటి మీదా ఆఫీసు ముద్ర కొట్టాడు. అతన్ని అనటానికి లేదు. ముద్ర పడకుండా ఆ గదిలోంచి కార్డు బయటికి పోవటం అతనెప్పుడూ చూడలేదు.

మా తూము పెద్దల్లో సగం మంది చదవరు. ముద్ర చూస్తారు, పిల్లలెవరినన్నా పిలిచి తేదీ ఒక్కటి చదివించుకుంటారు. తేదీ కార్డులో స్పష్టంగానే ఉంది. ఆ రోజు తెల్లారేసరికి కాలవ పొడుగునా వంతు ఉన్నవాళ్లూ లేనివాళ్లూ తూము తలుపులు ఎత్తేశారు. నీళ్లు అందరికీ కాస్త కాస్త పోయి ఎవరికీ సరిపోలేదు. అనుమానం వచ్చిన కొందరు మాత్రం కనుక్కుందామని పార భుజాన వేసుకుని పేట బస్సెక్కారు. సరాసరి ఫంక్షన్‌కి వచ్చారు.

డి.ఇ. గారు పట్టుపంచెలో గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. ముందున్న రైతు దణ్ణం పెట్టి, "ఈసారి నీళ్లెన్ని రోజులు సారూ?" అన్నాడు.

డి.ఇ. గారు అతని వైపు చూశారు, వెనకున్న పారల వైపు చూశారు, తర్వాత నా వైపు చూశారు. "భోజనాలు చేసి వెళ్లండి" అన్నారు. వాళ్లు పారలు పందిరి గుంజకి ఆనించి భోజనాలు చేశారు. ముప్పాళ్ళ వైపునుంచి వచ్చినాయన పప్పు బాగుందన్నాడు.

మరుసటి వారం నేనొక కాగితం రాసి ఆయన ముందు పెట్టాను. అందరికీ కార్డు పోవాలంటే ఇద్దరు సంతకం పెట్టాలి, డి.ఇ. గారొకరు, సెక్షన్ ఆఫీసరొకరు. నీళ్ల సంగతి కానిది ఏదీ ఆ లిస్టు మీద పోకూడదు. ఆయన చదివి సంతకం పెట్టారు. పది రోజులు నాతో మాట్లాడలేదు. వాసంతీ, పై అధికారిని కట్టేసే రూలు ఆయన చేతే సంతకం పెట్టించాలంటే, ఆయన పరువు పోయిన వారంలోనే పెట్టించు. తర్వాత వీలు కాదు.

కేరాఫ్ బస్టాండు హోటలు

పై రెండూ నవ్వుకునే తప్పులు. ఇది కాదు.

కార్డులు లేటవుతున్నాయని పితూరీలొచ్చాయి. అడ్రసులు రాసే పని తగ్గించమన్నారు డి.ఇ. గారు. నేను రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాను. ముప్పాళ్ళ దాటాక కాలవ చివర ఒక ఊరుంది. తొమ్మిది తూములు, తొమ్మిది పేర్లు, తొమ్మిది అడ్రసులు. పోస్టుమాన్ ఆ ఊరికి వారానికి రెండుసార్లే వెళ్తాడు. వీధి వీధీ తిరగటం దేనికని, తొమ్మిది కార్డులూ ఒక కట్టగా కట్టి కేరాఫ్ బస్టాండు హోటలు అని రాశాను. ఊళ్లో టీ తాగనివాడు ఎవడు, బస్సు దిగనివాడు ఎవడు? అందరూ అక్కడికి రావాల్సినవాళ్లే కదా అనుకున్నాను. డి.ఇ. గారు శభాష్ అన్నారు. ఆ మాట ఆయన నోట అరుదు, రెండు రోజులు అదే తలుచుకున్నాను.

ఆ ఊరు నేనప్పటికి చూడలేదు. చూడకపోయినా అడగొచ్చు. పల్నాడులో పుట్టి పెరిగి, ఒక ఊళ్లో రెండు హోటళ్లుంటే ఎందుకున్నాయో అడక్కపోవటం నా తప్పు. ఊరు రెండు వర్గాలు. బస్టాండు హోటలు ఒక వర్గానిది. రెండో వర్గం, కింది వీధి వాళ్లు, దాని గడప తొక్కరు. బస్సు కూడా బస్టాండులో ఎక్కరు, అర కిలోమీటరు నడిచి రోడ్డు మలుపులో చెయ్యెత్తి ఆపుతారు. ఈ సంగతి ఆ రూటు కండక్టర్లందరికీ తెలుసు. కాలవ ఆఫీసుకి తెలియదు.

ఆ ఏడు వరి పాలుపోసుకునే వేళకి ఆఖరి తడి నాలుగు రోజులు వదిలి, తర్వాత రిపేర్లకి కాలవ మూసేశారు. కార్డులు టైముకే పోయాయి. ఒక్కటి కూడా తిరిగి రాలేదు. తిరిగి రానిది చేరినట్టేనని రిజిస్టర్లో అన్నిటికీ టిక్కు పెట్టాను.

కాలవ మూసిన మూడో రోజు సైదమ్మ వచ్చింది. ఆ ఊరి ఆఖరి తూము పెద్ద. భర్త పోయాక ఆమె పేరు మేమే రాసుకున్నాం. ఆ తూము కింద పండేది ఆమె రెండెకరాలే. ఏ వర్గమూ కాదు, ఇల్లు మాత్రం కింది వీధిలో. చేతిలో నాలుగు వరి కంకులున్నాయి.

"కార్డెయ్యలేదే బాబూ?" అంది.

"వేశామమ్మా. ఇదుగో, టిక్కు కూడా ఉంది."

"యాడికేశావు?"

"బస్టాండు హోటలుకి."

"వీరయ్య హోటలుకా?"

"అందరికీ అక్కడికే వేశాం."

"నన్నడిగావా?"

ఆమె కంకులు రిజిస్టరు మీద పెట్టింది. నలిపి చూశాను. కొన్నిట్లో ఇంకా పాలున్నాయి. "ఇప్పుడైనా ఒక్క తడి పడితే గట్టెక్కుద్ది. నీళ్లు కట్టిచ్చు బాబూ" అంది.

ఆ మధ్యాహ్నమే మస్తాన్నీ తీసుకుని ఆ ఊరు వెళ్లాను. హోటలు వీరయ్య మర్యాదస్తుడు. టీ ఇచ్చాడు. గోడకి ఒక ఇనప ఊచ వేలాడుతోంది, దానికి నాలుగు కార్డులు నలక్కుండా గుచ్చి ఉన్నాయి.

"ఇయ్యిగో సారూ మీ కార్డులు. ఒక్కటి పోనియ్యలా" అన్నాడు.

"మరి వాళ్లకి ఇవ్వలేదేం?"

"వాళ్లు రాలా."

"కబురు చెయ్యొచ్చుగా."

"నేను కబురుజేస్తే నేను ముందు మాట్లాడినట్టు గదా సారూ."

కింది వీధికి వెళ్లి అక్కడి పెద్దమనిషిని అడిగాను. "ఆ ఊచకున్నయ్యని మాకు మొదటి రోజే తెలుసు" అన్నాడు. "మేం పోయి అడగాల్నా? మా చేలు ఎండితే ఎండనీ."

ఎండవు. కింది వీధిలో తక్కిన ముగ్గురు తూము పెద్దలకీ బావుల మీద ఆయిలింజన్లున్నాయి. వాళ్ల పంతం వాళ్ల ఇంజన్లు మోశాయి. సైదమ్మకి ఇంజను లేదు. కార్డొచ్చిన సంగతి ఆడమనిషికి ఎవరూ చెప్పలేదు కూడా. తిరుగు బస్సులో మస్తాన్, "టిక్కులన్నీ కొట్టేద్దామా సార్?" అన్నాడు. కొట్టేశాను.

ఒక మాట కోసం పదకొండు రోజులు

కాలవ మూసినా పై షట్టరు వెనక నీళ్లు నిలిచి ఉన్నాయి. ఒక్క పగలు వదిలితే ఆఖరి తూములు తడుస్తాయి. డి.ఇ. గారు పైకి నోటు పంపి అనుమతి తేవాలి. నోటులో కారణం రాయాలి.

మొదటి రెండు రోజులు ఆలస్యం చేసింది నేనే. తప్పు నా మీద తక్కువ పడేట్టు ఎలా రాయాలా అని రెండు చిత్తులు రాసి చించాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు రాశాను, చిరునామా మార్చింది నేను, మార్చేముందు ఆమెను అడగలేదు, ఆఫీసు పొరపాటు వల్ల కబురు అందలేదు అని.

డి.ఇ. గారికి కోపం వచ్చింది. "ఏమయ్యా, పోస్టు లేటని రాస్తే పోయేదానికి నీ మెడకి నువ్వే తగిలించుకుంటావేం?"

"పోస్టాఫీసు వాళ్లు కాదని రాస్తే ఫైలు వెనక్కొస్తుంది సార్. చేను అప్పటిదాకా ఆగదు."

ఆయన నన్ను కాపాడాలనే చూశారు, ఆఫీసునూ కాపాడాలని చూశారు. పొరపాటు కొట్టేసి లోపం అని రాశారు. టైపు అయ్యాక లోపం కూడా ఎక్కువైందనిపించి అసౌకర్యం అని రాశారు. మళ్లీ టైపు. ఆఫీసు పొరపాటు ఒప్పుకుంటే ప్రతి ఊరూ వచ్చి మీద పడుతుందని ఆయన భయం. ఆ భయంలో నిజం లేకపోలేదు. కానీ ఆ నోటు తిరుగుతున్నన్ని రోజులూ సైదమ్మ వచ్చి మా వరండాలో కూర్చునేది. ఏమీ అడిగేది కాదు. నేను ఆ గుమ్మంలోంచి వెళ్లటం మానేసి వెనకవైపు నుంచి వెళ్లేవాణ్ణి. అధికారులు కటువుగా ఉంటే భరించొచ్చు. నాలాగా వెనక గుమ్మం చూసుకునే గుమాస్తా వల్లే జనానికి ఎక్కువ నష్టం, ఇది నా గురించి నేను తెలుసుకున్న సంగతి.

మొత్తం పదకొండు రోజులకి అనుమతి వచ్చింది. నీళ్లొదిలారు. ఆఖరి తూము దగ్గర నేనూ నిలబడ్డాను. నీళ్లు బాగానే వచ్చాయి, మడులన్నీ నిండాయి. గింజ మాత్రం పట్టలేదు. కోతల్లో ఆ రెండెకరాల్లో తాలు తప్ప ఏమీ రాలేదని లస్కరు వచ్చి చెప్పాడు. కాలవ మీద కాపలా తిరిగే మనిషి, అబద్ధం చెప్పాల్సిన పని లేదు.

వేలిముద్రలు

ఆ తర్వాత రిజిస్టరు మొత్తం తిరగరాశాను. కార్డు ఎక్కడికి రావాలో ఆ మనిషే చెప్పాలి, చెప్పినట్టు సంతకమో వేలిముద్రో ఉండాలి. అది లేకుండా పేరు ఎక్కదు, అడ్రసు మారదు. ఆ మనిషి అడిగితేనో, లస్కరు వెళ్లి చూసొస్తేనో తప్ప పేరు కొట్టెయ్యకూడదు. ఎవరో ఒకరు చెబితే, చనిపోయాడంట అంటే, కొట్టెయ్యకూడదు. అట్లా కొట్టేసిన ఒకాయన నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు కూడా. ప్రతి విడతలోనూ ఒక కార్డు మా ఇంటికి వేయించుకున్నాను, అసలు పోస్టులో పడిందో లేదో తెలియటానికి. మా ఆవిడ మొదట్లో నీళ్లొస్తాయనుకుని బిందెలు కడిగి పెట్టింది.

డి.ఇ. గారు ఈసారి ఒక్క మాట కూడా మార్చకుండా సంతకం పెట్టారు. అచ్చంపేట ఆయన పేరు నేనే వెళ్లి ఆయన ఇష్టంతో తీయించుకొచ్చాను. అది ఒక రోజు పట్టింది. బొల్లాపల్లి నుంచి ముప్పాళ్ళ దాకా వేలిముద్రల పని నేనూ మస్తానూ రెండు నెలలు తిరిగి చేశాం. చాలామంది అడిగినందుకే సంతోషపడ్డారు. వీరయ్య తన కార్డు హోటలుకే రాయమన్నాడు. కింది వీధి ముగ్గురూ ఇంటికి రాయమన్నారు.

సైదమ్మ ఇంటికి ఆఖరున వెళ్లాను, అదీ వెళ్లాలి కాబట్టి. చూరు కింద కూర్చుని శెనక్కాయలు ఒలుస్తోంది. పీట వేసింది. మస్తాన్ ఇంకు ప్యాడు తెరిచాడు. నేను కాగితం చదివి వినిపించి, "నీ కార్డు ఎక్కడికి రాయమంటావమ్మా?" అన్నాను.

"రాయొద్దు బాబూ. నా పేరు కొట్టెయ్యి."

కోపంతో అంటోందనుకున్నాను. "ఈసారి నీ చేతికే చేరుతుందమ్మా, పూచీ నాది."

"చేరుద్దిలే. చేను కౌలుకిచ్చా, మూడేళ్లకి."

"ఎవరికి?"

"వీరయ్యకి." శెనక్కాయ ఒలుస్తూనే ఉంది. "ఆయనకైతే కార్డు అందుద్ది గదా."

మస్తాన్ ప్యాడు వైపు చూస్తున్నాడు. నేను, "మూడేళ్లకి మళ్లీ నీ చేతికొస్తుంది కదా, పేరు ఉండనీ, వచ్చిన నష్టమేం లేదు" అన్నాను.

"వద్దు బాబూ. కార్డొచ్చిందంటే చేలోకి పోబుద్దవుద్ది."

బొటనవేలు తనే ప్యాడులో అద్ది కాగితం మీద పెట్టింది. నేను రిజిస్టరు తెరిచి ఆమె ఎదురుగానే పేరు మీద గీత కొట్టి, పక్కన తేదీ వేసి, కోరిక మీద తీసివేయబడినది అని రాశాను. కొత్త రూలు ప్రకారం ఆ మనిషే అడిగి కొట్టించుకున్న మొదటి పేరు అది. సైదమ్మ నన్ను అడిగిన పనుల్లో నేను ఆలస్యం లేకుండా చేసింది అదొక్కటే.